ఏడో అంకె దగ్గర పోయిన రంగు

ఫిబ్రవరి 2

మామయ్యకు,

నమస్కారాలు. అత్తయ్యక్కూడా. ఉత్తరం ప్రింటు తీసి పంపుతున్నానని తిట్టుకోకు. ఈమధ్య నా చేతిరాత నాకే అర్థం కావడం లేదు. అయినా నువ్వు ఫోన్ ఎత్తితే ఈ బాధే ఉండేది కాదు. "ఫోన్ పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే" అంటావట, అమ్మ చెప్పి నవ్వుతోంది.

అసలు సంగతి. మా వీడియో యూనిట్‌కి పెద్ద పని తగిలింది. ఇక్కడి షిప్‌యార్డులో కట్టిన ఓడను ఏప్రిల్‌లో నీళ్ళలోకి దింపుతారు. ఒడ్డు మీద నుంచి నీటి నడుమ దాకా, కెమెరా ఓడ వెంటే తిరుగుతూ, అంతా ఒక్క షాట్‌లో తీయాలి. రెండో టేకు ఉండదు. నీళ్ళలోకి దిగిన ఓడను "ఇంకోసారి రా తల్లీ" అని పిలవలేం కదా. షాట్ బాగా వస్తే నన్ను కెమెరా మీద ఖాయం చేస్తానంది మా యజమానురాలు. చెడితే మళ్ళీ వైర్లు చుట్టుకుంటూ కూర్చోవాలి.

మా దగ్గరున్న ట్రైపాడ్ ఫొటోలకే పనికొస్తుంది. తిప్పబోతే ముందు మొరాయిస్తుంది, తర్వాత గెంతుతుంది. వీడియోకు తగినది, కెమెరాను నున్నగా తిప్పే ఫ్లూయిడ్ హెడ్ ఉన్నది కొందామని, నన్నే ఎంచమంది మా యజమానురాలు. షాపులో మూడు రకాలు చూపించారు. మూడూ నల్లగా, మూడూ మూడు కాళ్ళతో ఉన్నాయి. అంతకుమించి నాకేం తెలియలేదు. జీవితమంతా వార్తల కెమెరా మోసి "రాతిచెయ్యి" అని పేరు తెచ్చుకున్నవాడివి. ఏం చూసి ఎంచుకోవాలో చెప్పు.

ఇంకో మాట. మా దగ్గర ఒకామె ఉంది. కెమెరా అంటే ప్రాణం పెడుతుంది. ఏడాదిగా ఆమె చేతులు వణుకుతున్నాయి. భయపడాల్సిన జబ్బు కాదు, కొన్ని కుటుంబాల్లో వస్తుంది, ఇక తగ్గదు అన్నాడట డాక్టరు. అలాంటి మనిషి ఇలాంటి షాట్ తీయగలదా? ఊరికే అడుగుతున్నా.

అత్తయ్యతో చెప్పు: పోయినసారి నాకు నిండు గ్లాసు టీ పోసి నీకు సగమే పోసింది. కట్టుకున్నవాడి దగ్గర అంత పిసినారితనం పనికిరాదు.

నీ మేనకోడలు

ఫిబ్రవరి 11

కోడలుపిల్లా,

నీ ఉత్తరం అత్తయ్య చదివి వినిపించింది. పిసినారి అన్న మాట దగ్గర ఆగి, నా మొహం చూసి, గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. నేను ఎప్పటిలాగే టైపు మిషన్ మీదే కొడుతున్నాను. పాత అలవాటు.

షాపువాడు ఎన్ని కబుర్లు చెప్పినా నువ్వు చూడాల్సినవి నాలుగే.

ముందు బరువు. ఒట్టి కెమెరా కాదు. లెన్సు, బ్యాటరీ, మైకు, తెర, అన్నీ బిగించి తూచు. పెళ్ళిచూపుల్లో వయసు చెప్పినట్టు తగ్గించి చెప్పకు. ఆ హెడ్ మోయగల బరువుల్లో నీది ఎక్కడో మధ్యలో పడాలి.

రెండోది లోపలి స్ప్రింగు. కెమెరాను ముందుకు వంచి చెయ్యి తీసెయ్. ముక్కు నేలకేసి వాలిందా, స్ప్రింగు చాలలేదు. మొండిపిల్లలా వెనక్కి లేచిందా, ఎక్కువైంది. వదిలినచోటే ఉండిపోయిందా, ఆ హెడ్ నీది. మొదటిసారి అది చూసినరోజు నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. అంత బరువు గాలిలోకి వంగి ఉంది, పట్టుకున్నవాడు లేడు, అయినా పడలేదు. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. ఇప్పటికీ నాకు అది మామూలు విషయంగా అనిపించదు.

మూడోది నూనె. లోపలి పలకల మధ్య జిగట నూనె ఉంటుంది. తొందరపెడితే అడ్డుపడుతుంది, నెమ్మదిగా తోస్తే దారి ఇస్తుంది. ఎంత అడ్డుపడాలో చెప్పడానికి పక్కన ఒక చక్రం, దాని మీద సున్నా నుంచి ఏడు దాకా అంకెలు. నీ చేతికి రెండు చాలు.

నాలుగోది కాళ్ళు. హ్యాండిల్ పట్టుకుని తిప్పి ఆపు. ఆపాక బొమ్మ కొంచెం వెనక్కి జరిగితే కాళ్ళు మెలి తిరుగుతున్నట్టు. వాటిని అక్కడే వదిలేసి రా. పైన గిన్నెలాంటి పీఠం ఉండాలి. హెడ్ అందులో బంతిలా కూర్చుంటుంది, నేల ఎగుడుదిగుడైనా చిటికెలో మట్టం చూపే బుడగ మధ్యకొస్తుంది.

ఇక ఆ చేతులు వణికే ఆమె. ఆమెను ఈ షాట్‌కు పెట్టకు. అలాంటి చేతులతో ఈ పని చేసేవాళ్ళు ఎంత నరకం పడతారో నేను దగ్గర్నుంచి చూశాను. జాలిపడి నీ నోటికాడి ముద్ద తీసి ఆమెకివ్వకు. నీ చెయ్యి ఉండగా ఆమె ఎందుకు? నీకు మీ అమ్మ చెయ్యి వచ్చింది. మా అక్క సూదిలోకి దారం ఒక్క విసురుకే ఎక్కించేది.

మామయ్య

ఫిబ్రవరి 24

మామయ్యకు,

నువ్వు చెప్పినట్టే కెమెరాకు సర్వాలంకారాలూ చేసి తూచాం. ఒట్టి కెమెరాకు దాదాపు రెట్టింపు తేలింది. దాంతో మొదటి ట్రైపాడ్ అక్కడే ఓడిపోయింది, వంచి వదలగానే షాపువాడి కాలి మీదకు వాలింది. మూడోది ఏనుగును మోసేలా ఉంది, మా కెమెరాను విసిరికొట్టింది. మధ్యది మాత్రం, మామయ్యా, వంచాను, వదిలాను, ఉండిపోయింది! ఇంకా వంచాను, అక్కడా ఉండిపోయింది. షాపులో ఇంకెవరో వచ్చి మాట్లాడుతుంటే నాకు వినపడలేదు. పడాల్సిన వస్తువు పడకుండా ఉండడం ఇంత అందంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.

నాతోపాటు ఆమె కూడా వచ్చింది. పొడుగు లెన్సు పెట్టి వీధి చివరి గడియారం మీద నుంచి పక్క మేడ దాకా తిప్పి చూసింది. రెండు మీద పెడితే గడియారానికి చలిజ్వరం వచ్చినట్టుంది. అయిదు దగ్గర కాస్త నయం. ఏడు దగ్గర పూర్తిగా ఆగింది. అంత బిగువు మీద కెమెరాను అంత దూరం తిప్పడం తప్పా? అసలు ఎవరైనా చేస్తారా? నీ చెయ్యి ఎప్పుడైనా, ఒక్కసారైనా, వణికిందా?

నీ మేనకోడలు

మార్చి 5

కోడలుపిల్లా,

వణికింది. జీతం అందుకునే రోజున వణికేది.

ఏడు మీద పెట్టి ఊరేగమని ఆ షాపువాడు నేర్పాడా? అది భారీ కెమెరాలవాళ్ళు వాడుకునేది. నీకు రెండు చాలని చెప్పానా లేదా? చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, మన ఇంట్లో అది తిరగబడింది.

రెండు ఉత్తరాల్లోనూ ఆమె ప్రస్తావనే. షాపుకు కూడా వెంటబెట్టుకెళ్ళావు. నాకేదో తేడాగా ఉంది. నీ ఓడ మీద ఆమె కన్నేసినట్టుంది, జాగ్రత్త. మంచిదే కావచ్చు. కానీ ఒక్క కుదుపుతో ఆ షాట్ పోతే ఆమె తల ఎత్తుకోలేదు, నీకూ మాట వస్తుంది. ఆమెను ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టమను. అక్కడ చేతులెవరూ చూడరు.

మధ్యది మంచిదే అనిపిస్తోంది. ఓడ చూశావా? చూసి రాయి. ఈ వయసులో నాకు ఎవరూ ఓడల గురించి రాయరు.

మామయ్య

మార్చి 14

మామయ్యకు,

ఓడ చూశాను. షిప్‌యార్డు గేటు దాటి మలుపు తిరిగాక ఎదురుగా ఒక ఎర్రగోడ కనిపించింది. గోదామనుకుని దాని పక్కన చాలాసేపు నడిచాను. తలెత్తితే ఆ గోడ నా మీదకు వంపు తిరిగి ఉంది. అదే ఓడ. నేను నడిచింది దాని పొట్ట పక్కన.

అక్కడి మేస్త్రీ దగ్గరుండి చూపించాడు. ఓడ కింద వాలుగా రెండు వరసల దుంగలు. పై దుంగలు ఓడతో పోతాయి, కిందివి నేలకు ఉంటాయి. మధ్యలో మందంగా గ్రీజు. "ఇంజను తోయదమ్మా, ఎవరూ లాగరు. ఆపు తీస్తే దాని బరువే దాన్ని తీసుకుపోతుంది," అన్నాడు. మరి ఆగేదెలా అన్నాను. రెండు పక్కలా కొండల్లా పోసిన గొలుసులు చూపించాడు. ఓడ వాటిని ఈడ్చుకుంటూ పోతుందట, అవి పట్టి పట్టి ఆపుతాయట. "గ్రీజు లేకపోతే కదలదు, గొలుసు లేకపోతే ఆగదు." వేలితో కాస్త గ్రీజు తీసి చూశాను. ఇంత మెత్తటిది అంత ఓడను కదిలిస్తుందా అనిపించింది.

కానీ ఆ షాట్ నేను తీయడం లేదు. కెమెరా పెట్టేది ఎదురు ఒడ్డున ఒక ఎత్తైన మంచె మీద. నాకు ఎత్తంటే భయమని నీకు తెలుసు కదా. ఇంకొకరికి ఇమ్మని సోమవారం మా యజమానురాలికి చెప్పేస్తాను. నువ్వన్నట్టు ఎడిటింగ్ బల్ల బాగానే ఉంటుంది.

ఆమె సంగతి ఇక అడగనులే.

నీ మేనకోడలు

మార్చి 19

కోడలుపిల్లా,

ఎత్తా? చిన్నప్పుడు నీళ్ళ ట్యాంకు నిచ్చెనెక్కి, దిగమంటే దిగనని, పైనుంచి నా బట్టతల మీద వేరుశనగ తొక్కలు వేసినదానివి నువ్వు. నాకు చెవిలో పువ్వు పెట్టకు.

నాకు అర్థమైంది. కొత్త సామాను మీద నమ్మకం కుదరలేదు నీకు. ఆ మాట చెప్పడానికి మొహమాటం. సోమవారం ఏమీ చెప్పకు. రిటైరైనరోజు ఆఫీసు నుంచి కొనుక్కొచ్చుకున్న నా పాత హెడ్ పార్శిల్ చేస్తున్నాను. కాళ్ళు పంపడం లేదు, అవీ నాలాగే ముసలివైపోయాయి. మధ్యదాని కాళ్ళు అద్దెకు తీసుకుని, గిన్నె కొలత సరిచూసుకుని, దీన్ని కూర్చోబెట్టి వాడి చూడు. చేతికి నచ్చితే అలాంటిదే కొను. శుభ్రంగా తుడిచాను. చక్రం రెండు మీద పెట్టి పంపుతున్నాను. కదపకు.

అది నా దగ్గర్నుంచి వెళ్ళడం ఇదే మొదటిసారి. పెట్టె మూసేటప్పుడు అత్తయ్య "ఆలోచించుకునే పంపుతున్నారా?" అంది. ఇందులో ఆలోచించడానికేముంది?

మామయ్య

మార్చి 27

మామయ్యా,

ఈ ఉత్తరం చేత్తో రాస్తున్నాను. అక్షరాలు ఎలా ఉన్నాయో చూస్తున్నావుగా. కొన్ని గీత మీద నిలబడలేదు, కొన్ని పక్క అక్షరాల మీద పడ్డాయి. ఆమె ఎవరో ఇక నేను చెప్పనక్కర్లేదు.

కుండ బద్దలు కొట్టినట్టు మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. నాకు మా అమ్మ చెయ్యి రాలేదు. సూదిలోకి దారం ఎక్కించి ఏడాదయింది. సోమవారం మా యజమానురాలి గది ముందు నిలబడి, తలుపు కొట్టబోయి, నువ్వు చెప్పకన్నావు కదా అని వెనక్కొచ్చాను. పార్శిల్ మర్నాడు వచ్చింది.

శుభ్రంగా తుడిచానన్నావు. చాలా శుభ్రంగా తుడిచావు. అందుకే బాగా కనిపించింది. చక్రం మీద రెండు దగ్గర తెల్లరంగు నిన్ననే వేసినట్టుంది. మూడు, నాలుగు కూడా అంతే. ఏడు అంకె మాత్రం లేదు. దాని చోట ఒట్టి లోహం ఉంది, వేలు పెట్టి పెట్టి అరిగి మెరుస్తోంది. చక్రాన్ని ఏడు మీదకు తిప్పితే, దానికదే వెళ్ళి తన చోట్లో కూర్చున్నట్టు టక్కున పడింది.

నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను మామయ్యా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అడగని రోజు కూడా "నీకు రెండు చాలు" అన్నావు. ఫోన్ పట్టుకోవు. ఉత్తరాలు టైపు కొడతావు. నా ఉత్తరం అత్తయ్య చదవాలి, కాగితం ఆమే పట్టుకోవాలి. అత్తయ్య నీకు సగం గ్లాసు ఎందుకు పోస్తుందో కూడా ఇప్పుడు తెలిసింది. పిసినారి అన్నాను ఆమెను. ఎలా క్షమించమని అడగను?

నిజం చెప్పు. ఏడు మీద ఎన్నేళ్ళు తీశావు?

నీ మేనకోడలు

ఏప్రిల్ 3

అమ్మా కోడలుపిల్లా,

నేనూ చేత్తోనే రాస్తున్నాను. పెళ్ళయ్యాక ఇంత పొడుగు ఉత్తరం చేత్తో రాయడం ఇదే మొదలు. చదవలేకపోతే సగం ఊహించుకో, నీకు అలవాటయ్యే ఉంటుంది.

అన్నేళ్ళూ ఏడు మీదే.

నాకు ముప్పై దాటగానే మొదలైంది. మా అమ్మకూ ఉండేది. "కళ్ళు కనపడవే" అంటూ ఉత్తరాలన్నీ మీ అమ్మతో రాయించేది. బియ్యంలో రాయి ఉంటే గుమ్మం దగ్గర్నుంచి చూసేవి ఆ కళ్ళు. అలా దాచుకోవడం మాకు ఇంటి విద్య. నా ఉద్యోగం ఇవాళో రేపో పోతుందని నేను ముద్ద మింగలేని రోజుల్లో మా ఆఫీసుకు ఈ ఫ్లూయిడ్ హెడ్ వచ్చింది. ఎవరూ లేనప్పుడు కెమెరా ఎక్కించి, చక్రం ఒక్కో అంకె పెంచుతూ కిటికీ బయటి దీపస్తంభాన్ని చూశాను. ఏడు దగ్గర స్తంభం నిలబడింది. నా చెయ్యి వణుకుతూనే ఉంది, కళ్ళారా చూస్తున్నాను, హ్యాండిల్ కొసన వణుకుతూనే ఉంది. కానీ అది నూనెలోకి వెళ్ళి అక్కడే ఆగిపోతోంది. అవతలికి నిమ్మళమైన కదలిక ఒక్కటే వస్తోంది. ఏడ్చేశాను. ఎవరో చూసి, చావు తప్పి బయటపడ్డవాడిలా ఉన్నావన్నారు. ఆ ఏడాదే నాకు "రాతిచెయ్యి" అని పేరు పెట్టారు. పని నూనెది, పేరు నాది.

ఆమెను పెట్టకని రాశాను. నేను పడ్డ భయం ఇంకొకరు పడకూడదని రాశాను. అది నీకే వెళ్ళి తగిలిందని తెలిసి నిన్న అన్నం సహించలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వే తీయాలి.

విను. వణుకును ఆపాలని చూడకు, ఆపబోతే పెరుగుతుంది. దాన్ని నూనెకు అప్పగించు. కెమెరాను సరిగ్గా తూకంలో పెట్టు, చెయ్యి మోయాల్సిన బరువు ఉండకూడదు. హ్యాండిల్‌ను పిడికిలితో పట్టుకోకు, రెండు వేళ్ళు చాలు, మోచెయ్యి పక్కటెముకలకు ఆనించు. షాట్ ఎక్కడ ముగుస్తుందో అటువైపు కాళ్ళు పెట్టి నిలబడు, నడుము తిప్పి మొదటికి రా. ఓడ కదిలేకొద్దీ నీ ఒళ్ళు సడలుతూ పోతుంది.

అత్తయ్య ఈ ఉత్తరం చూసి, నా పక్కన కూర్చుని కాగితం కదలకుండా పట్టుకుంది.

మామయ్య

ఏప్రిల్ 17

మామయ్యా,

నిన్న దింపారు. మంచె ఎక్కేముందు మా యజమానురాలికి నా చేతులు చూపించి చెప్పేశాను. ఆమె నా చేతులు చూసింది, తర్వాత తెర మీద కదలని బొమ్మను చూసింది. "నాకు కావలసింది ఇదే," అని తెర చూపించి కిందికి దిగిపోయింది.

పొద్దున పోటు నిండుగా ఉంది. నీ హెడ్, మధ్యదాని కాళ్ళు, ఏడు అంకె. నా పాదాలు నీటివైపు పెట్టి, నడుము ఓడవైపు తిప్పి నిలబడ్డాను. ఓడ కింద సుత్తుల చప్పుడు మొదలై, ఒక్కో దిమ్మె రాలి, ఉన్నట్టుండి అంతా ఆగింది. ఏమీ జరగలేదు. ఇక కదలదేమో అనుకున్నాను.

అప్పుడు వెనకనున్న క్రేనుకూ ఓడ అంచుకూ మధ్య, అంతకుముందు లేని సన్నటి ఆకాశం గీత కనిపించింది. అంతే. అలా తెలిసింది కదిలిందని. చప్పుడు లేదు. అంత పెద్ద ఇనుపకొండ, ఎవరూ తోయకుండా, ఎవరూ లాగకుండా, తనంతట తాను బయల్దేరింది. నా రెండు వేళ్ళూ దానితోపాటు బయల్దేరాయి. ఎవరు ఎవరిని తిప్పుతున్నారో నాకు తెలియలేదు. దుంగల కింద నుంచి పొగ లేచింది. ఓడ తోక నీటిని తాకింది, నీళ్ళు విడిపోయి రెండు పక్కలా గోడల్లా లేచాయి. గొలుసుల కొండలు ఒక్కసారిగా లేచి పరుగెత్తాయి, తుప్పు ఎర్రటి మబ్బులా కమ్మింది, ఆ మోత నా మంచె కాళ్ళలోంచి నా పళ్ళలోకి వచ్చింది. ఆ మబ్బులోంచి ఓడ తేలుతూ బయటికొచ్చింది. ఒకసారి వంగింది, లేచింది, గొలుసులు పట్టుకున్నాయి, నీటి నడుమ నిలబడింది. నేనూ ఆగాను. హ్యాండిల్ వదిలేశాను. కెమెరా వదిలినచోటే ఉండిపోయింది, ఓడను చూస్తూ.

అప్పుడు నా చేతులు చూసుకున్నాను. మోచేతుల దాకా ఊగిపోతున్నాయి. కిందికి దిగితే మేస్త్రీ కళ్ళు తుడుచుకుంటున్నాడు. టోపీ పెట్టుకోబోతే అది తల మీద నిలవడం లేదు, అతని చెయ్యి అంత వణుకుతోంది. మా యజమానురాలికి నీళ్ళ సీసా మూత రాలేదు. అక్కడ వణకని చెయ్యి ఒక్కటీ లేదు మామయ్యా. బొమ్మలో మాత్రం ఆ మొదటి గీత నుంచి చివరి నీటిచుక్క దాకా ఎక్కడా కుదుపు లేదు. అందరూ మూడుసార్లు చూశారు. నన్ను ఖాయం చేశారు.

ట్రైపాడ్ మధ్యదే కొన్నాం. నీ హెడ్ మాత్రం నా దగ్గరే ఉంటుంది, అడగకు. కొత్తదాని చక్రం మీద ఏడు అంకె ఇంకా తెల్లగా ఉంది. దాన్ని అరగదీయాలి.

వచ్చే నెల మీ ఇంటికొస్తున్నాను. నిండుకుండ తొణకదంటారు కానీ, నిండు గ్లాసు మన చేతుల్లో తొణుకుతుంది. అత్తయ్యతో చెప్పు, ఈసారి నాకూ సగమే పోయమని.

నీ మేనకోడలు